తోలు సంచి కాదు, మోట తొండం

నాచారంలో మా ఇంటికి రెండు వీధుల అవతల, గ్రంథాలయం మేడ మీద రెండు గదుల మ్యూజియం ఉంది. నాగళ్లు, కుంచాలు, రాగి బిందెలు, ఒక విరిగిన శాసనం రాయి, ఇలాంటివన్నీ చుట్టుపక్కల పాత ఊళ్ల నుంచి చేరినవే. రిటైరైన సోషల్ టీచర్ ఒకాయన దాన్ని నడుపుతారు. అందరూ ఆయన్ని సార్ అనే పిలుస్తారు. ఏటా బతుకమ్మ వెళ్లి వానలు తగ్గుముఖం పట్టగానే ఆయన ఆదివారాల్లో కార్యక్రమాలు పెడతారు. కాసేపు వస్తువుల గురించి మాటలు, ఆ తర్వాత అందరం కలిసి ఏదో ఒక పాత చోటుకి నడక.

నేను పెళ్లయ్యాక గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని. ఇక్కడే ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు స్టోర్స్ క్లర్కుగా చేశాను. రిటైరై ఏమీ తోచక మ్యూజియానికి వెళ్తుంటే, నా చేతిరాత బాగుందని సార్ వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాసే పని అప్పగించారు. మూలన పొడవాటి ఎండిన తోలు గొట్టం ఒకటి ఉండేది. అదేమిటో సార్‌కీ తెలియదు. నేను ఊహించి "ధాన్యం పోసే తోలు సంచి" అని రాసేశాను.

పోయిన ఏడాది కార్యక్రమాల మొదటి ఆదివారం పాత నాచారం నుంచి ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒకరు వచ్చారు. చదువు రాదు కాబట్టి చీటీ చదివి వినిపించమన్నారు. వినగానే పకపకా నవ్వారు.

"గీ సంచిల వడ్లు పోస్తే గటు దిక్కుకెళ్లి కారిపోవా బిడ్డా? సూడు, రెండు దిక్కుల బొక్కనే! ఇది మోట తొండం. బాయిలకెళ్లి నీళ్లు తోడేటిది. ఎవరు రాసిన్రు?"

"నేనే రాశాను పెద్దమ్మా" అన్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నీకెట్ల ఎరుకైతది? నువ్వు సూడలే గద. పా, మా మోట బాయి సూపిస్త."

ఆ రోజు మేము ఉప్పల్ వైపు వెళ్లాల్సింది. సార్ దాన్ని మానేసి ఆవిడ వెంట నడిచారు. పది మందిమి ఉంటాం. పారిశ్రామికవాడలోకి తిరిగి, రెండు మలుపులు దాటి ఆవిడ ఒక గేటు ముందు ఆగారు. అది నేను పనిచేసిన కంపెనీ.

వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. "ఏంది మేడమ్, ఆదివారం వచ్చిన్రు?" అన్నాడు. సంగతి చెప్పాను. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి అడిగి, మాతో "జర జల్దీ సూసి రాండ్రి" అంటూ గేటు తీశాడు.

క్యాంటీన్ వెనకాల కనిపించే పెద్ద బండరాయిని గుర్తుగా చూసుకుంటూ పెద్దావిడ నేరుగా అక్కడికి వెళ్లారు. అక్కడ ఒక గుండ్రటి సిమెంటు గద్దె ఉంది. దాన్ని చేత్తో తట్టి, "గిదే" అన్నారు. నేను ఇరవై రెండేళ్లు మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తిన్నది ఆ గద్దె మీదే. కింద బావి ఉందని ఒక్కనాడూ అనుకోలేదు.

మాతో పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే భార్యాభర్తలు వచ్చారు. పెద్దావిడ వాళ్లిద్దరినీ మోట లాగే ఎడ్లు కమ్మన్నారు! అమ్మాయి చున్నీని మోకు చేశారు. "ముందుకు నడిస్తే బొక్కెన మీదికొస్తది, తొండంలకెళ్లి నీళ్లు కాల్వల పడతయి. ఇగ ఎనకకు రాండ్రి. మూతులు తిప్పకుండ్రి, ఎడ్లు ఎనకకే నడుస్తయి." వాళ్లు వెనక్కి నడవబోయి ఒకరినొకరు గుద్దుకున్నారు. వాచ్‌మన్‌తో సహా అందరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. పెద్దావిడ మాత్రం నవ్వడం ఆపి గద్దెను చేత్తో నిమిరారు. "మస్తు తియ్యగుండె నీళ్లు" అన్నారు, అంతే.

మర్నాడే చీటీ మార్చాను. ఈసారి ఆవిడ చెబుతుంటే, ఆవిడ మాటల్లోనే రాశాను. తర్వాతి ఆదివారాలన్నీ ఆవిడ వచ్చారు. మిగిలిన చీటీలు చదివి వినిపిస్తే ఇంకో నాలుగు తప్పులు పట్టుకున్నారు. ఒక్కసారి కూడా నన్ను చిన్నబుచ్చలేదు.

దీపావళి ముందు వారం, అందరూ టీ తాగుతుండగా ఆవిడ నన్ను అడిగారు: "మీ దిక్కు నీళ్లెట్ల తోడేటోళ్లు బిడ్డా?"

ఇన్నేళ్లలో ఇక్కడ ఎవరూ నన్ను మా ఊరి గురించి అలా అడగలేదు. అడగకపోవడం వాళ్ల తప్పు కాదు, చెప్పాలని నాకూ తోచలేదు. సార్ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. నేను ఏతం గురించి మొదలుపెట్టాను. పొడవాటి దూలం మీద మా నాన్న అటూ ఇటూ నడుస్తుంటే, ఆ బరువుకి దూలం ఒరిగి బాన పైకి లేచేదని చెప్పాను.

"అంత మీదనా? కింద పడకపోయెనా?" అన్నారావిడ, టీ గ్లాసు పక్కన పెట్టి.

"ఒక్కసారి పడ్డాడు పెద్దమ్మా. బురదలో పడ్డాడు కాబట్టి బతికిపోయాడు" అన్నాను. మా నాన్న గురించి అంత గట్టిగా నవ్వుతూ చెప్పుకుని ఎన్నాళ్లయిందో!