ఆంటీ ఇక ఇంటికి వెళ్లరని రాసిచ్చాను

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. కోవిడ్ పోయింది, మాస్కులు డ్రాయర్ల అడుక్కి చేరాయి, అందరూ ఆ రోజుల్ని పాత కబుర్లలా చెప్పుకుంటున్నారు. నా గుండెల మీద బరువు మాత్రం దిగలేదు. పొద్దున క్లినిక్ తలుపు తీస్తున్నప్పుడు ఉంటుంది. తెలుగు పెద్దావిడ ఎవరైనా ఎదురుగా వచ్చి కూర్చుంటే ఇంకా ఎక్కువవుతుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మొహం చూడక్కర్లేని వాళ్లకు చెప్పడం తేలిక. చూశారా, చెప్పడం మొదలుపెట్టానో లేదో, అప్పుడే తేలిక దారి వెతుక్కున్నాను. నా బుద్ధే అంత.

గుంటూరులో మెడిసిన్ చదివి, ఇప్పుడు ఐర్లాండ్‌లో, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను. సుభద్ర ఆంటీ నా పేషెంటు. కాకినాడ మనిషి. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆయన పోయాక ఒంటరిగా ఉండలేక, మేడ మీది గది ప్రవల్లిక అనే ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి ఇచ్చారు. అద్దె నామమాత్రం. సాయంత్రం ఇద్దరూ కూర్చుని టీవీని తిట్టుకోవడమే అసలు అద్దె అనేవారు ఆంటీ. కోవిడ్ మొదటి ఏడాది శరదృతువులో ఆవిడ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక, కోలుకునేదాకా అని, ఇక్కడ పెద్దవాళ్లను ఉంచుకుని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఆ తర్వాత అక్కడ తలుపులు మూసేశారు. లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే.

క్రిస్మస్ దాటాక కిరణ్ ఫోన్ చేశాడు. ఆంటీకి ఒక్కడే కొడుకు. డబ్లిన్‌లో, లెపర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడడు. ఊళ్ల మధ్య తిరగనివ్వని రోజులు కాబట్టి తల్లిని చూసి చాలా కాలమైంది. ఇంటి పన్ను గురించి అడిగాడు. ఇక్కడ ఇల్లున్న ప్రతివాళ్లూ తమ ఇంటి విలువ తామే అంచనా వేసి చెప్పాలి, దాన్నిబట్టి ఏటా పన్ను కట్టాలి. ఆ డబ్బు వీధి దీపాలకూ లైబ్రరీలకూ కౌన్సిల్ ఖర్చు పెడుతుంది. యజమాని జబ్బుచేసి ఏడాదికి పైగా ఇల్లు వదిలి ఉంటే ఆ పన్ను మినహాయిస్తారు. ఏడాది నిండకపోయినా, ఈ మనిషి ఇక తిరిగి వెళ్లే అవకాశం లేదని డాక్టరు ధ్రువీకరిస్తే చాలు. అది రాసిస్తారా అన్నాడు.

నేనే ఇంకో ముక్క కలిపాను. మా నర్సింగ్ హోమ్ పేషెంట్ల పిల్లలు ఇదే పని మీద వస్తూనే ఉంటారు కాబట్టి నియమాలు నాకు కంఠతా వచ్చు. ఆ ఇంట్లో ఇంకెవరూ ఉండకూడదు, ఉంటే మినహాయింపు రాదు అని చెప్పాను. ప్రవల్లికను వేరే చోటు చూసుకోమంటానన్నాడు.

ఇంకో దారి కూడా ఉంది. ఆదాయం తక్కువున్న పెన్షనర్లు ఆ పన్నును వాయిదా వేయించుకోవచ్చు. కాస్త వడ్డీ పడుతుంది, ఇల్లు చేతులు మారినప్పుడు కడితే సరిపోతుంది. దానికి నా మాట అక్కర్లేదు, ప్రవల్లిక కదలక్కర్లేదు. అది నాకు తెలుసు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. బయట ఫోన్లు మోగుతున్నాయి, నిద్ర లేదు, అతను అడిగినదానికి సరే అనేస్తే ఆ కాల్ అయిపోతుంది. అంతే. పెద్ద కారణమేమీ లేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు తప్పు అది కూడా కాదు. నేను ఆంటీని అడగలేదు. మన వైపు పెద్దవాళ్ల జబ్బు సంగతి కొడుకుతో మాట్లాడతాం. పేషెంటును బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కొడుకును లోపలికి పిలిచి తలుపు దగ్గరకు వేస్తాం. దాన్నే మర్యాద అనుకుంటాం. ఈ దేశంలో అలా కుదరదని నాకు తెలియదా? పేషెంటునే అడగాలని ఇంటర్వ్యూలో గడగడా అప్పజెప్పిన దాన్ని నేనే. ఐరిష్ ముసలమ్మ అయితే తప్పకుండా ఫోన్ చేసి అడిగేదాన్ని. మన ఆంటీ కదా, మన కుర్రాడే కదా, ఇందులో అడిగేదేముంది అనుకున్నాను. పైగా ఆవిడ వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టారని నర్సింగ్ హోమ్ నుంచి కబురు వచ్చి అప్పటికి వారం కాలేదు. అది చూసి కూడా, తిరిగి వెళ్లే అవకాశం లేదని రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. వణికిందని చెబితే మీకు నామీద కాస్త జాలి కలిగేది.

ప్రవల్లిక డబ్లిన్ దగ్గర బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉన్న స్నేహితుల దగ్గరికి వెళ్లిపోయింది. పోతూ నాకు ఫోన్ చేసి, ఆంటీ వచ్చేటప్పుడు చెప్పండి, తిరిగి వచ్చేస్తానంది. అలాగే అన్నాను.

మార్చిలో నర్సింగ్ హోమ్ నుంచి నర్సు మాట్లాడింది. ఆంటీ బాత్రూమ్‌కు సొంతంగా వెళ్తున్నారట, రాత్రిపూట తోడు ఎవరైనా ఉంటే ఇంటికి పంపడం ఆలోచించవచ్చట. ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరన్నాను. అది అబద్ధం కాదు. నేను రాసింది నిజం కాదు, కానీ అలా రాసి, ఆ ఇల్లు ఖాళీ చేయించి, నేనే దాన్ని నిజం చేశాను. అప్పుడైనా ప్రవల్లికను పిలిచి ఉండొచ్చు. పిలిస్తే కిరణ్‌కు చెప్పాలి, ఇచ్చిన ధ్రువీకరణ వెనక్కి తీసుకోవాలి, తప్పు రాశానని ఒప్పుకోవాలి. నర్సు ఫోన్ ఆంటీకి ఇచ్చింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. నేను ఇంటికి వెళ్తానా లేదా?"

"ఎందుకు వెళ్లరు ఆంటీ. కాస్త చలి తగ్గనివ్వండి."

"ఇక్కడందరూ ఏమడిగినా అంతా బాగుందన్నట్టు గ్రాండ్, గ్రాండ్ అంటారే. నువ్వు మన పిల్లవి, నీ మాటే నమ్ముతాను మరి."

"నమ్మండి ఆంటీ."

ఆ మాట అన్న నోటితోనే తర్వాతి పేషెంటును ఎలా ఉన్నారని పలకరించాను.

ఎండలు వచ్చాయి. ఆంటీ ఇంటికి రాలేదు. ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి జూన్‌లో పోయారు. ఇంట్లో ఉన్నా పోయేవారేమో. ఈ 'ఏమో' పట్టుకుని చాలాకాలం బతికాను, ఇక పట్టుకోను.

అంత్యక్రియలకు కొద్దిమందినే రానిచ్చారు. నన్ను పిలిచారు. బయట కార్ల దగ్గర కిరణ్ నా ముందుకొచ్చి, దూరంగానే నిలబడి, థాంక్స్ చెప్పాడు. నర్సింగ్ హోమ్‌లో అమ్మ గది సర్ది వస్తున్నానన్నాడు. సర్దడానికి ఏమీ లేదట. దుప్పటి తెస్తానన్నా, నాన్న ఫొటో పంపిస్తానన్నా, చివరికి దేవుడి పటం తెస్తానన్నా ఒప్పుకోలేదట. నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లిపోయేదానికి ఈ సరంజామా ఎందుకురా, డాక్టరమ్మ చెప్పింది అనేదట. ఆరు నెలలకు పైగా బోసి గోడల మధ్య ఉండి, అక్కడే పోయారు. నా మాట వల్ల అమ్మ చివరిదాకా ఆశతో ఉందని కిరణ్ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వెళ్లలేరని తెలిస్తే ఆవిడ ఏడ్చేవారు, నన్ను తిట్టేవారు, ఆ తర్వాత ఆయన ఫొటో తెప్పించుకునేవారు. దాన్ని చూస్తూ పోయేవారు. అదైనా దక్కనివ్వలేదు నేను.

కిరణ్‌తో మీ అమ్మగారు చాలా మంచివారు అన్నాను. కారెక్కి వచ్చేశాను. వాళ్లమ్మ ఇంటికి రాగలిగేవారని అతనికి ఇప్పటికీ తెలియదు. చెప్పే ధైర్యం ఎప్పుడు వస్తుందో కూడా తెలియదు. మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు, అది మీరు ఇచ్చేది కాదు. ఒక్కరికైనా తెలిసింది, అంతే చాలు.