అత్త కళ్లకు కనిపించని పిట్టలు

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం పోయిన ఏడు, చలికాలమంతా పెన్‌పహాడ్ దగ్గర మా మేనత్త ఇంట్లో గడిపాను. అప్పటికి నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. నోట మాట లేదు. అంతకుముందు గడబిడ రోజుల్లో మా ఊరి మీద పడ్డవాళ్లు మా నాయినను వాకిట్లోకి ఈడ్చి కొట్టారు. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. ఆనాటి నుంచి నా గొంతు పెగలలేదు. సూర్యాపేట దవాఖానలో చూపించారు, తాయెత్తులు కట్టించారు. ఇంటికొచ్చిన ప్రతివారూ ఒక్క మాట అనమని బతిమాలేవారు. వాళ్లు బతిమాలినకొద్దీ నేను ఇంకా ముడుచుకుపోయేదాన్ని. చివరికి నాయిన నన్ను తన అక్క దగ్గర వదిలివెళ్లాడు.

అత్త నన్ను మాట్లాడమని ఒక్కనాడూ అడగలేదు. పొద్దున్నే బర్రెలకు గడ్డి కోయడానికి చెరువుకు పోతూ, నాకు గొంగడి కప్పి వెంట తీసుకుపోయేది. చలికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బాతులతో చెరువు నిండి ఉండేది. వాటి మధ్య నుదుట తెల్లటి నామం పెట్టుకున్నట్టుండే నల్లటి నామాల కోళ్లు గుంపులుగా ఈదేవి.

"నా కండ్లకు మసక కమ్మింది బిడ్డా. గాడ నీళ్ల మీద ఏమున్నయో జర నువ్వే సూసి చెప్పు," అంది అత్త మొదటి రోజే.

నేను చేతులతో చూపించేదాన్ని. అత్తకు ఏదీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. నామాల కోళ్లను చూపించడానికి నల్లటి నా జుట్టు పట్టుకుని, నుదుట వేలితో గీత గీస్తే, "నల్లగున్నయా? అయితే గవి మన బర్లే!" అనేది. నాకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. ఇంత తేలికైన సంగతి ఈవిడకు ఎట్లా చెప్పాలా అని రాత్రి పడుకున్నాక కూడా ఆలోచించేదాన్ని. చాలా రోజుల తర్వాత నా మనసులోకి నాయిన తిన్న దెబ్బలు కాకుండా ఇంకొకటి వచ్చింది.

ఒక పొద్దున మంచు విడుతుండగా చెరువు మీదికి గద్ద దిగింది. బాతులు ఒక్కసారిగా లేచిపోయాయి. నామాల కోళ్లు మాత్రం దగ్గరికి జరిగి ముద్దగా అయ్యాయి. ఒక్కటి దూరంగా, తామరాకుల అవతల ఉండిపోయింది. అత్త అటు వీపు పెట్టి గడ్డి కోస్తోంది.

"అత్తా! గద్ద!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్త కొడవలి ఆగింది. కాని ఆమె నన్ను పట్టుకుని ఏడవలేదు, దేవుడికి మొక్కలేదు. తలైనా తిప్పకుండా, "యే దిక్కున్నది? ఏం జేస్తుంది?" అని మామూలుగా అడిగింది. నేను చెప్పుకుంటూ పోయాను. ఒంటరి కోడి నీళ్ల మీద పరుగెత్తి గుంపులో కలిసిందని, గద్ద కిందికి వచ్చినప్పుడల్లా అన్నీ కలిసి నీళ్లు ఎగజిమ్ముతున్నాయని, అది విసిగి ఎటో పోయిందని. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. దారిలో అత్త కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను, చెమట అనుకున్నాను.

కబురందుకుని నాయిన కాలినడకన వచ్చాడు. "నాయినా" అని పిలవగానే వాకిట్లో అట్లాగే కూలబడ్డాడు. ఆయన అరికాల్లో దిగిన సన్నని తుమ్మముల్లును, సందె మసకలో అత్త ఒక్క క్షణంలో తీసేసింది.

"నీకు కండ్లు కానరావంటివి గద అత్తా?" అన్నాను.

"పిట్టలు కానరావన్న గని, ముల్లు కానరాదన్ననా?" అని నవ్వింది.

తర్వాత నేను కోదాడలో పంతులమ్మనయ్యాను. బెదిరిపోయి నోరు విప్పని పిల్లలు ఏటా ఒకరిద్దరు వచ్చేవారు. వాళ్లను మాట్లాడమని నేనెప్పుడూ బలవంతపెట్టలేదు. పక్కన కూర్చుని, నాకు బాగా తెలిసిన సంగతినే తెలియనట్టు అడిగేదాన్ని. వాళ్లు చెప్పినప్పుడు పొంగిపోకుండా, మామూలుగా, చివరిదాకా వినేదాన్ని. అట్లా వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ పొద్దున అత్త నా వైపు తిరగకుండా ఉండడానికి ఎంత ఓర్చుకుందో కూడా అప్పుడే తెలిసింది.