చక్రం కింద రాయి

మా పక్క క్వార్టర్లో ఉండిన ట్రామ్ డ్రైవరు గారు పోయారని పాడేరు నుంచి వచ్చిన జీపతను చెప్పాడు. కూతురింటికి వెళ్ళి నెల కాలేదు. నిద్రలోనే పోయారట. నేను డిస్పెన్సరీ గుమ్మంలో నిలబడి విన్నాను. ఆఖరిసారి ఏమైనా మాట్లాడారా అని అడిగాను. "పడుకునే ముందు మనవరాల్ని రాయెట్టేరా అని అడిగేరటమ్మా. ఆ పిల్లకేటీ అర్థం కానేదట," అన్నాడు.

అరకు దాటి కొండల్లో ఇంకా లోపలికి వస్తే మా ప్రాజెక్టు కాలనీ. ఇక్కడ ఒకప్పుడు కరెంటు ట్రామ్ నడిచేదంటే కింది ఊళ్ళవాళ్ళు నమ్మరు. కొండ మీద కాలనీ, దిగువన వాగు పక్కన పవర్ హౌస్, రెంటికీ మధ్య ఇరుకు పట్టాలు, పైన ఒక తీగ, పట్టాల మీద రెండు పాత పెట్టెలు. ఏదో పట్నంలో ట్రాములు ఆపేసినప్పుడు కొనుక్కొచ్చి చక్రాలు మార్చారని చెప్పుకునేవాళ్ళు. చెక్క బెంచీలు, ఇత్తడి హ్యాండిలు, కాలితో తొక్కితే మోగే గంట. తొంభైల్లో నేను నర్సుగా చేరేనాటికే వాటి రంగేమిటన్నది తగువుగా ఉండేది. ఆయన పచ్చ అనేవారు. ఆయన భార్య నీలం అనేది. ఇద్దరూ ఆ విషయంలో ఎప్పుడూ రాజీ పడలేదు.

ఆయనది శ్రీకాకుళం వైపు. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా పై బొత్తాం ఎండాకాలంలో కూడా విప్పేవారు కాదు. ట్రామ్ ఎక్కడ ఆగినా చేతి బ్రేకు బిగించి, హ్యాండిలు ఊడదీసి జేబులో వేసుకుని, దిగి చక్రం కింద ఒక రాయి పెట్టేవారు. కదిలే ముందు మళ్ళీ దిగి తీసేవారు. షిఫ్టుకు ఆలస్యమవుతోందని లోపల అందరూ సణుగుతూనే ఉండేవాళ్ళు. బ్రేకు చాలునని ఇంజనీర్లు చెప్పి చెప్పి విసుగెత్తి ఊరుకున్నారు.

"బ్రేకు మనుసులు సేసిందండి. రాయి అలక్కాదు," అనేవారు.

ఆ మాట కాలనీకంతటికీ అంటుకుంది. ఎవరైనా ఊరికి బయల్దేరితే "రాయెట్టేరా?" అని అడిగేవాళ్ళు. తాళం వేశారా, పొయ్యి కట్టేశారా, అన్నీ చూసుకున్నారా అని దాని అర్థం. మందుల బీరువా మూసేటప్పుడు నేనూ మనసులో అదే అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

సగం దారిలో ఒక గిరిజన గూడెం ఉంది. అక్కడ స్టాపు లేదు. అయినా ఆపేవారు. విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలతో, పసుపు మూటలతో ఆడవాళ్ళు సంతకు ఎక్కేవాళ్ళు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికడ్డంగా వెదురుకర్ర పట్టుకుని, వచ్చిన ప్రతి బండినీ ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఇస్తేగాని కర్ర లేవదు. ట్రామ్‌కీ అదే పద్ధతి. ఆయన గంట తొక్కి, ఆపి, రాయి పెట్టి, అప్పుడు తీరిగ్గా బేరానికి దిగేవారు.

"ఇది గవర్మెంటు బండమ్మా. గవర్మెంటునడగండి."

"గవర్మెంటు మా పండక్కి రానేదు బాబూ. నువ్వొచ్చావు," అనేది గూడెం పెద్దావిడ.

ఇచ్చేది ఎంతోకాదు. ఇవ్వడానికి పట్టే సమయమే ఎక్కువ.

రెండువేలు దాటాక రోడ్డు పడింది, బస్సు వచ్చింది, ట్రామ్ ఆపేశారు. తీగ చుట్టేసి పట్టుకుపోయారు. మొదటి పెట్టెను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి లారీకెత్తారు. ఆయన దగ్గరుండి చూశారు. తరువాత అన్నం సరిగా తినడం లేదని ఆయన భార్య నా దగ్గరికి బలం మందు కోసం వచ్చింది. నా దగ్గర దానికి మందు లేదు. రెండో పెట్టెనైనా ఉంచమని ఆయన ఆఫీసులో కనబడిన ప్రతివాళ్ళనీ అడిగారు. చూద్దామన్నారు. ఆ మాటకు అర్థం మాకందరికీ తెలుసు.

పాత ఇనుము కాంట్రాక్టరు కోస్తా మనిషి. రెండో పెట్టె కోసం లారీ ఎప్పుడు తేవాలని, పోయిపోయి ఆయన్నే అడిగాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"సైత్రంలో రండి బాబూ. వానలుండవు. దారి సుబ్బరంగా ఉంటాది," అని చెప్పి పై బొత్తాం సర్దుకున్నారు.

లారీ సరిగ్గా పండగలోనే వచ్చింది. గూడెం దగ్గర కర్ర అడ్డం పడింది. కాంట్రాక్టరు డబ్బులిచ్చాడు. పుచ్చుకున్నారు, పాట పాడారు, కర్ర మాత్రం ఎత్తలేదు. ఎక్కడికి వెళుతున్నావని పెద్దావిడ అడిగింది. ట్రామ్ తేవడానికన్నాడు.

"అయితే రెండు బళ్ళు కదా. ట్రామ్ బండి డబ్బు ఆ బాబే ఇయ్యాలి. ఏ బండి డబ్బు ఆ బండోడే."

తానే ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఆయన కోసం కబురు పంపారు. ఆయన వచ్చి జేబులు తడుముకుని, బండి నడపని మనిషిని, ఇంత అడిగితే ఎలాగని బేరం మొదలుపెట్టారు. అది ఆ రోజు తెగలేదు. పండగ ఉన్నన్నాళ్ళూ తెగలేదు. లారీ ఖాళీగా దిగిపోయింది. తరువాత వానలు పట్టుకున్నాయి. ఆ తరువాత వచ్చిన కొత్త ఆఫీసరుకు ఆ పెట్టె ముచ్చటేసి, గెస్ట్ హౌస్ ఎదుట పార్కులో నిలబెట్టమన్నాడు.

కావాలనే చైత్రమని చెప్పారా అని నేను అడిగాను. "పండగెప్పుడో నాకేటి తెలుస్తాది సిస్టరమ్మా, అది ఆళ్ళు పెట్టుకుంటారు," అన్నారు. ఆ ముందు వారమంతా పిప్పళ్ళ కోసమని గూడేనికి తిరిగిన మనిషి ఆయన. వాళ్ళింట్లో ఒక్క పిప్పలి నేను చూడలేదు.

పార్కులో రెండు ముక్క పట్టాల మీద దాన్ని సిమెంటుతో బిగించారు. ఇక ఎటూ కదలదు. రిటైరయ్యాక కూడా ఆయన రోజూ సాయంత్రం వచ్చి చక్రం కింద రాయి ఉందో లేదో చూసేవారు. ఆడుకునే పిల్లలు తీసేస్తే వెతికి పెట్టేవారు. సిమెంటు వేశారు కదండీ అంటే, "సిమెంటూ మనుసులు సేసిందే కదమ్మా," అనేవారు. వార్త విన్న సాయంత్రం నేనే వెళ్ళి చూశాను. రాయి ఉంది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆయన పోయిన కొద్ది రోజులకే పండగ వచ్చింది. గూడెం ఆడవాళ్ళు రోడ్డు మీద వసూళ్ళు ముగించుకుని, వెదురుకర్ర పట్టుకుని పార్కులోకి వచ్చారు. ట్రామ్ ముందు కర్ర అడ్డం పెట్టి నిలబడ్డారు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. బేరమాడేవాళ్ళు లేరు.

"ఈయేడు బాబు ఏటీ ఇవ్వడు. ఎల్లనీయండి," అంది పెద్దావిడ.

వంగి చక్రం కింది రాయి తీసి పక్కన పెట్టింది. వాళ్ళు కర్ర పైకెత్తారు. ట్రామ్ దాటిపోవడానికి పట్టేంతసేపూ అలాగే ఎత్తి పట్టుకున్నారు. ఆ తరువాత కర్ర దించి గూడేనికి బయల్దేరారు. గేటు దాకా వెళ్ళిన పెద్దావిడ వెనక్కి వచ్చి, గడ్డిలో రాయి వెతుక్కుని, మళ్ళీ చక్రం కింద పెట్టి వెళ్ళింది.