సాయిలు తాత నాది కాదన్న ఎద్దు

మొన్న నిజామాబాద్‌లో పసుపు మార్కెట్ వెనక వీధిలో నడిచి వస్తుంటే, వానకు తడిసిన వరిగడ్డి లారీ ఒకటి నా పక్క నుంచి పోయింది. ఆ మాగిన గడ్డి వాసన ముక్కుకు తగలగానే అరవై దాటిన వయసు మరిచిపోయి, బోధన్‌లో మా బాపు కాపలా కాసిన బందెలదొడ్డి గోడ మీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

బందెలదొడ్డి అంటే తప్పిపోయిన పశువులను, ఒకరి చేలో పడి మేస్తూ దొరికిన పశువులను తెచ్చి ఉంచే చోటు. మట్టిగోడ, రేకుల పందిరి, ఒక నీళ్ళ తొట్టి. సొంతదారు వచ్చి గుర్తులు చెప్పి తోలుకుపోవాలి. పదిహేను రోజుల్లో ఎవరూ రాకపోతే హర్రాజులో అమ్మేస్తారు.

చలికాలంలో చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు మైలు పొడవున వరుస కట్టి, చెరుకురసం మడ్డి వాసనతో ఊరంతా తియ్యగా మత్తుగా ఉండే రోజుల్లో దొడ్డి నిండిపోయేది. కూలీల వెంట మహారాష్ట్ర నుంచి వచ్చిన మేకలు, మెడలో గజ్జెలు కట్టిన పొట్టేళ్ళు, ఒకసారి ఒక గాడిద. ఒకే ఆవు కోసం ఇద్దరు కొట్లాడుతూ వస్తే, బాపు దాన్ని విప్పి వదిలి, వెనకాలే నడిచి, అది ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళకే ఇచ్చేవాడు. ఎవరూ రాని మేకను వెంటబెట్టుకొని సంతంతా తిరుగుతూ "గీ మేక ఎవలది?" అని తెలుగులో, ఉర్దూలో, వచ్చీరాని మరాఠీలో అడిగేవాడు. పశువు దొరికినవాళ్ళు దాన్ని తిడుతూనే మెడ కావలించుకొనేవాళ్ళు. ఆ తిట్లు వినడానికే నేను గోడ ఎక్కేదాన్ని.

సాయిలు తాతది రెండు కోసుల దూరంలో పల్లె. ఆయన చెరుకు బండి మా ఇంటి ముందు నుంచే పోయేది. పిల్లలం గడలు గుంజుకున్నా ఏమీ అనేవాడు కాదు. ఆయన తెల్లెద్దు పేరు సిన్నోడు. పుట్టిన వారానికే దాని తల్లి చచ్చిపోతే, పిల్లలు లేని తాతా ఆయన భార్యా మేకపాలు పట్టి పెంచారు. ఎద్దుల పండుగ పొలాల అమావాస్య నాడు తాత కొమ్ములకు రంగు పూసి, పోలెలు, అంటే బొబ్బట్లు, మొదట సిన్నోడికి తినిపించి, వాడు నాకిన చేత్తోనే మిగిలినవి మాకు పంచేవాడు.

ఒక ఏడు వానలు పడలేదు. నిజాంసాగర్ కాలువ అడుగు నెర్రెలు విచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి రోజూ పొద్దున దొడ్డి గోడ పక్కన కొత్త పశువులు నిలబడి ఉండేవి. మెడ మీద తాడు ఒరుసుకున్న గుర్తు ఉండేది, తాడు ఉండేది కాదు. అవి తప్పిపోయినవి కావు, మేపలేక వదిలేసి పోయినవి. బాపు మా ఇంటి కప్పు మీది గడ్డి కూడా పీకి వాటికి వేశాడు.

ఒకరోజు వాటిలో సిన్నోడు కనిపించాడు.

"బాపూ, గీడు సాయిలు తాత సిన్నోడు," అన్నాను.

బాపు రెండుసార్లు కబురు పంపినా తాత రాలేదు. చివరికి తనే సైకిల్ మీద పోయి తీసుకొచ్చాడు. గేటు దగ్గర తాత దగ్గాడు. అంతే, మూడు రోజులుగా లేవని ఎద్దు తడబడుతూ లేచి వచ్చి, ఆయన భుజం మీద మెడ వేసి చెవి వెనక నాకడం మొదలుపెట్టింది. తాత చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

"గిది నాది కాదు," అన్నాడు.

"సాయిలన్నా, అది నిన్ను గుర్తుపట్టింది," అన్నాడు బాపు.

"ఆకలైన పశువు ఎవ్వలనైన నాకుతది."

 ఆ ఇంట్లో గడ్డిపోచ లేదని, కళ్ళ ముందు చావడం చూడలేకే వదిలిపెట్టాడని బాపుకు తెలుసు. తాత ఎద్దు తనది కాదన్న కాగితం మీద వేలిముద్ర వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎద్దు గేటు దాకా నడిచి సాయంత్రం వరకూ అక్కడే నిలబడింది.

హర్రాజులో అంత బక్క పశువులను కొనేది కబేళాకు తోలేవాళ్ళే. లారీ ఎక్కనని మొండికేసిన సిన్నోణ్ణి నలుగురు కలిసి నెట్టారు. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు.

కొద్ది రోజులకే మృగశిర వాన పడింది. కాలువ గట్టు మీద పచ్చిక లేచింది. సాయిలు తాత వచ్చాడు. భుజం మీద కొత్త తాడు, చంకలో పచ్చగడ్డి మోపు.

"సిన్నోన్ని తోల్కపోత," అన్నాడు.

 బాపు కంటే ముందు గోడ మీదున్న నేనే అన్నాను: "నీది కాదంటివి గద తాతా. లారీ ఎక్కించిండ్రు."

ఆయన నా వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు.

"అవు బిడ్డా, అంటి," అన్నాడు.

గడ్డిమోపు తొట్టి పక్కన దించాడు. మిగిలిన పశువులు దాని మీద పడ్డాయి. తాడు భుజం మీదే ఉంచుకొని వెళ్ళిపోయాడు. తర్వాతి చలికాలం ప్రతి బండినీ చూశాను. ఆయన బండి రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. ఆ మాట అన్నందుకు బాపు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేదేమో.

ఈ మధ్య బోధన్ పోయాను. బండ్ల వరుస లేదు, మడ్డి వాసన లేదు, పొలాల అమావాస్యకు రంగు పూయడానికి కొమ్ములే కనిపించవు. దొడ్డి ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. "ఏం గావాలమ్మా?" అన్నాడు దుకాణదారు. ఒకప్పుడు ఇక్కడ తప్పిపోయిన పశువులను ఉంచేవాళ్ళని చెప్పాను.

"మరి ఓనర్లు వచ్చి తీస్కపోయేటోళ్ళా?" అని అడిగాడు.

"వచ్చేటోళ్ళు," అన్నాను. బయటికి వచ్చేశాను.