'నార్మల్' అని చీటీ అంటించిన నా రక్తం

ఎనభైల మొదట్లో చికాగోలో నేను పనిచేసిన ప్రయోగశాల ఫ్రీజర్‌లో ఒక అర మొత్తం నాదే. దాన్నిండా వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదాని మీద నా చేతిరాతతో 'నార్మల్' అని చీటీ. లోపల ఉన్నది నా రక్తంలోంచి తీసిన సీరం.

ఆ ఏర్పాటు నా తెలివితేటల ఫలమే. హెపటైటిస్ బి వైరస్‌ను రక్తంలో పట్టుకునే పరీక్షను మెరుగుపరచడం మా పని. నేను కెమిస్టుని. వైరస్‌కి అతుక్కునే యాంటీబాడీకి కాస్త రేడియో అయోడిన్ తగిలించడం నా వంతు. రోగి సీరంలో వైరస్ ఉంటే, ఆ అయోడిన్ రేడియేషన్‌ని లెక్కపెట్టే కౌంటర్ యంత్రం పెద్ద అంకె చూపిస్తుంది, లేకపోతే చిన్న అంకె. ఏది చిన్న, ఏది పెద్ద అని తేల్చుకోవడానికి ఆరోగ్యవంతుల సీరం కూడా పక్కన పెట్టి చూడాలి. దాన్ని కంపెనీలు అమ్ముతాయి. బొటనవేలంత సీసాకి వాళ్ళు చెప్పిన ధర విని, చీరాల బజారులో మా బట్టల కొట్లో పెరిగినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"కొనడం దేనికి? నేను దుక్కలా ఉన్నాను, నా చెయ్యి ఇక్కడే ఉంది. గుచ్చి తీసుకోండి" అన్నాను ప్రొఫెసర్‌తో.

ఆయన నవ్వి సరే అన్నాడు. నలుగురైదుగురి రక్తం కలిపితే మంచిదని నాకు తెలియక కాదు. ఊరికే వస్తున్న సరుకు ఎదురుగా ఉంటే మా ఇంట్లో ఎవరికీ మిగతా సంగతులు గుర్తుండవు.

మూడు నెలలు పరీక్ష పనిచెయ్యలేదు. రోగుల అంకె ఎంత వస్తే నార్మల్ అంకె కూడా అంతే వచ్చేది. తప్పు యాంటీబాడీదేనని తేల్చేసి, దాన్ని అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను.

"మేడమ్, ఈ సరుకు గురించి ఇంకెవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు సేల్స్‌మన్.

"వాళ్ళు చూసుకోలేదేమో. నేను చూసుకుని కొనే మనిషిని."

వాదించి వాదించి, ఉన్న సీసాలు వెనక్కి పంపి, మూడు కొత్తవి ఉచితంగా రాబట్టాను. ఆ మూడూ కూడా అవే అంకెలు చూపించాయి.

అప్పటికి నాకు అయిదో నెల. కడుపుతో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచి అయోడిన్ పని మా టెక్నీషియన్ చేతికి వెళ్ళిపోయింది. ఆవిడ యాభై దాటిన నల్లజాతి మనిషి, అందరినీ 'హనీ' అని పిలిచేది. ఒక ఉదయం నేను కోటు విప్పుతుండగానే అంకెలు అచ్చయిన కాగితం పట్టుకుని వచ్చింది.

"హనీ, నీ సీరంతో పాటు నాది కూడా పెట్టి చూశాను. నువ్వు కాస్త కూర్చో."

"దేనికి?"

"కూర్చోమంటున్నానుగా."

ఆవిడ అంకె చిన్నది, ఉండాల్సినంతే ఉంది. కింద ఇంకో వరసలో నా అంకె రోగుల అంకెల్లో కలిసిపోయి ఉంది.

"గొట్టాలు తారుమారయి ఉంటాయి. మళ్ళీ చెయ్యి" అన్నాను.

"రెండుసార్లు చేశాను. మొదటి రోజు తీసిన గొట్టం కూడా కరిగించి చూశాను."

అంటే ఆ మూడు నెలలూ పరీక్ష సరిగ్గానే పనిచేసింది. యాంటీబాడీ మంచిది, యంత్రం మంచిది. నేను గట్టిగా వాదించి వెనక్కి పంపిన సీసాలు మేలురకం సరుకు. పుచ్చు సరుకు నేను.

తల్లి నుంచి బిడ్డకి ఈ వైరస్ ఎక్కువగా పుట్టేటప్పుడే అంటుతుందనీ, అలా అంటితే చాలామందిలో జీవితాంతం ఉండిపోయి కాలేయాన్ని తినేస్తుందనీ అంతకు ముందు నెలలోనే సెమినార్‌లో బోర్డు మీద గీసి మరీ చెప్పాను. తల్లి అని రాసి చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టాను. అక్కడ రాయాల్సింది నా పేరని అప్పుడు తెలియలేదు.

చికాగో శివారు నేపర్‌విల్‌లో ఇంటికి చేరాక భోజనాలయ్యేదాకా మావారితో చెప్పలేదు. చివరికి వంటింట్లో ఆయన గిన్నెలు తుడుస్తుంటే చెప్పేశాను.

"ఏమండీ, మేం టెస్ట్ చేస్తున్న వైరస్ నా బ్లడ్‌లోనే ఉంది."

"ల్యాబ్‌లో అంటుకుందా?"

"అదైనా బావుండును. అక్కడ పని మొదలెట్టిన రోజు తీసిన బ్లడ్‌లోనూ ఉంది. చిన్నప్పుడే వచ్చుంటుంది."

"చిన్నప్పుడు ఎలా వస్తుంది?"

అమ్మ నుంచి వచ్చిందో, సూది నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మా బజారుకి వచ్చే కాంపౌండర్ గాజు సిరంజి, ఒకే సూది తెచ్చేవాడు. ముగ్గురు పిల్లల రేటుకి నలుగురికి వేసేలా మా నాన్న ఒప్పించేవాడు. నాలుగోదాన్ని నేను. ఆ మాట చెబితే మావారు నవ్వబోయి ఆగిపోయారు.

"మరి నాకు?"

"రేపు మీరూ చెయ్యి చాపాలి."

ఆయనకి ఎప్పుడో వచ్చి, వచ్చిన సంగతి తెలియకుండానే పోయిందని పరీక్షలో తేలింది. ఇక మిగిలింది కడుపులో ఉన్న బిడ్డ.

దారి ఉందని ప్రొఫెసర్ చెప్పాడు. పుట్టిన కొద్ది గంటల్లోనే గ్లోబ్యులిన్ అనే మందు సూదితో ఇవ్వాలి, ఆ తర్వాత కొత్తగా వచ్చిన వ్యాక్సిన్ వెయ్యాలి. ఆలస్యమయ్యేకొద్దీ పనిచెయ్యదు. మా కాన్పు డాక్టరు ఒప్పుకుని కాగితం మీద రాయబోతుంటే ఆయనతోనూ బేరం పెట్టాను. బిడ్డకి గ్లోబ్యులిన్ అని మాత్రం రాయండి, ఎందుకో రాయకండి అని బతిమాలాను. ఆ ఆస్పత్రికి మా తెలుగు ఆడవాళ్ళు చాలామంది వెళ్ళేవారు, ఇద్దరు అక్కడే పనిచేసేవారు. ఆయన భుజాలెగరేసి అలాగే రాశాడు. బేరం గెలిచానని సంతోషపడ్డాను.

చెప్పిన తేదీకి రెండు వారాల ముందు, శనివారం ఉదయం, పాప పుట్టింది. డాక్టరు వెళ్ళిపోయాడు. నేను తెలివిలోకి రాగానే నర్సుని అడిగాను.

"పాపకి ఇంజెక్షన్ ఇచ్చారా?"

"గ్లోబ్యులినా? ఫార్మసీలో లేదు. తెప్పిస్తారు."

"ఎప్పటికి?"

"సోమవారానికి వస్తుంది. కంగారు పడకండి, అర్జెంట్ అని ఎక్కడా రాయలేదు."

నా నోరు పాత అలవాటునే పట్టుకుంది. వేరే ఆస్పత్రిలో అడగండి అన్నాను. పెద్ద నర్సుని పిలవండి అన్నాను. ఏ కాగితం మీదైనా సంతకం పెడతానన్నాను. ఆమె ప్రతిదానికీ మర్యాదగా తల ఊపి, ప్రతిదానికీ సోమవారమే అంది. మా కొట్లో బేరం కుదరకపోతే కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు, అప్పుడు వెనక్కి పిలుస్తాం. నేను మంచం మీంచి లేవలేని స్థితిలో ఉన్నాను.

మావారు ఏ కొట్లోనూ ధర తగ్గించమని అడిగి ఎరగరు. నా దగ్గరికి వంగి తెలుగులో అన్నారు, "ఎందుకో చెప్పెయ్యవే. ఇంకా ఎవరి దగ్గర దాస్తావ్?"

అవసరం ఎంత ఉందో ఎదుటివాడికి తెలియనివ్వకూడదని నాకు అక్షరాల కంటే ముందు నేర్పారు. ఆ ఉదయం ఆ విద్య నన్ను వదలడానికి కొన్ని నిమిషాలు పట్టింది. పుట్టి మూడు గంటలు కూడా కాని పిల్లకి ఆ నిమిషాలు ఎంత విలువైనవో అందరికంటే నాకే బాగా తెలుసు.

"నా రక్తంలో హెపటైటిస్ బి ఉంది. పుట్టేటప్పుడు పాపకి నేనే ఇచ్చి ఉంటాను. సోమవారానికి ఆ మందు దండగ" అన్నాను నర్సుతో.

ఆమె చెయ్యి మంచం కమ్మీ మీద ఉంది. తీసేసింది. నేను చూశాను. ఆమె కూడా నేను చూడటం చూసింది. మరుక్షణం కారిడార్‌లోకి పరుగెత్తింది, ఫోన్‌లో అరవడం వినిపించింది. ఊరికి అవతల ఉన్న ఆస్పత్రి నుంచి మందు టాక్సీలో వచ్చింది. మధ్యాహ్నానికి పాప తొడలో సూది దిగింది.

సరైన వేళకి వేశామో లేదో తేలడానికి ఏడాది పట్టింది. వ్యాక్సిన్లు అన్నీ అయ్యాక పాప రక్తం మా టెక్నీషియనే తీసింది. ఆ గదిలో ఉండలేక నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఆవిడ ఫోన్ చేసింది.

"వైరస్ లేదు హనీ. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ బోలెడంత ఉంది."

"ఎవరి గొట్టం చూశావ్?"

"నీ కూతురిదే. మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడమని మాత్రం అడక్కు."

అడగలేదు. థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి ఫోన్ పెట్టేశాను. నేల మీద కూర్చున్న పాప తను కొరికిన అరటిపండు పైకెత్తి నా నోటి దగ్గర పెట్టింది. అలా అంటుకునే రోగం కాదని పదిమందికి చెప్పే నేను, ఏడాదిగా అలాంటప్పుడల్లా మొహం తిప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు కొరికాను. మిగిలిన ముక్క పాప లాక్కుని నోట్లో పెట్టుకుంది. నేను ఆపలేదు.