కారులో చోటు లేదన్నాం

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోయంబత్తూరులో మా తాతల కాలం నుంచీ ఇంతే. అందుకే ఎదుటివాళ్ళ గురించి వాళ్ళ ముందే తెలుగులో మాట్లాడేసుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆర్.ఎస్. పురం చీరల కొట్లలో నేనూ మా వదినా బేరాలన్నీ అలాగే తేల్చుకుంటాం.

చెన్నైలో ఓడ ఎక్కి సిలోను చూసి రావాలని బయల్దేరినప్పుడు ఆ జబ్బునీ వెంట తెచ్చుకున్నాం. భోజనాల బల్ల దగ్గర మాకొక పెద్దావిడ జత కలిసింది. ఒంటరిగా వచ్చింది, మోకాళ్ళ నొప్పి. మా ఊరి పక్కనే ఉన్న పోదనూరు రైల్వే కాలనీ అంది, తమిళంలోనే. ఆ కాలనీలో తెలుగువాళ్ళున్నారని నాకు తెలియదా? తెలుసు. బుర్రకు తట్టలేదు.

"రేపు తిరికోణమలైలో దిగేటప్పుడు నేనూ మీతో రావచ్చా?" అని ఆవిడ తమిళంలో అడిగింది. ట్రింకోమలీని తమిళంలో అలాగే అంటారు.

నేను ఆవిడ వైపే నవ్వుతూ చూస్తూ, వదినతో తెలుగులో అన్నాను. "ఈమెని పిల్చుకోని పోతే ఒక చోటూ చూసేకి కాదు. కారులో ఇడం లేదని చెప్పేయ్ వదినా."

చోటు లేదన్న ఆ మాటనే వదిన తమిళంలోకి తిప్పి, తేనె పూసి చెప్పింది. ఆవిడ తలూపి పెరుగన్నం కలుపుకుంది.

మర్నాడు ఊరంతా తిరిగాం. వేన్నీళ్ళ బావుల దగ్గర చేదతో తోడి ఒకరి మీద ఒకరం పోసుకున్నాం. సాయంత్రం ఆవిడకు అంతా వర్ణించి చెప్పాను, అదేదో నా దొడ్డతనమైనట్టు. ఒక్కో బావిలో ఒక్కో వేడి అంటే, ఎలా ఉందని గుచ్చి గుచ్చి అడిగింది.

పొద్దున డెక్కు మీదికి వెళ్తే ఆవిడ అటు తిరిగి కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. అచ్చం మా ఇంటి తెలుగు.

"నువ్వేమీ కవల పడొద్దు పాపా, దిగులే వద్దు. ఇద్దరు మనవాళ్ళే దొరికిరి, కోయంబత్తూరోళ్ళు. నా చెయ్యి పట్టుకోని పిల్చుకోని పొయ్యిరి. వేన్నీళ్ళ బావిలో తోడి నా తల మీద కూడా పోసిరి."

సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి రోజే ఆవిడకు అంతా అర్థమైంది. అయినా కూతురి దగ్గర మమ్మల్ని మంచివాళ్ళని చేసింది.

వదినకు చెబితే, "తెలీనట్టే ఉండిపో" అంది. ఉండలేకపోయాను. యాళ్పాణంలో, అదే జాఫ్నాలో, దిగే వేళకు ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళాను. తమిళంలో పిలిస్తే ఇంకో అబద్ధం. తెలుగులో పిలిస్తే ఒప్పేసుకున్నట్టే. తెలుగులోనే అన్నాను. "మా జతలో రాండమ్మా. కారులో ఇడం ఉంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఎన్నమ్మా? పురియలియే" అంది.

అర్థం కాలేదట. తర్వాత తమిళంలోనే, నిదానంగా, "బాగా చూసి రండి. వచ్చి అంతా చెప్పండి" అంది.

కారులో వదిన ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను కిటికీకి అతుక్కుపోయి గుడినీ, కోటనీ, దారి పక్క తాటిచెట్లనీ ఒక్కటి వదలకుండా చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఆవిడకు చెప్పాలి. ఆవిడ ఫోనులో కూతురికి చెప్పుకోవాలి.