రెండంగుళాల లోతు

సోఫాలాయన చెయ్యి పడకుండా ఆ కొట్లోంచి ఒక్క సోఫా కూడా గడప దాటేది కాదు. బట్ట బిగించే ముందు ప్రతి స్ప్రింగునీ అరచేతి మొదలుతో, మోచెయ్యి వంచకుండా వందసార్లు నొక్కేవాడు. రెండంగుళాలు దిగాలి, మళ్లీ పూర్తిగా లేవాలి. లేస్తే "పైకొచ్చింది" అనేవాడు. రోజు మొత్తమ్మీద ఆయన మాట్లాడే మాటల్లో సగం అదే. పని ఎవరూ నేర్పలేదు. పాత సోఫాలు విప్పీ బిగించీ నేర్చుకున్నాడు.

మిగతా మాటలన్నీ బావవి. బావంటే అక్క మొగుడు, రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ పదింటికి వచ్చి, కొత్త సోఫాలో కూలబడి, "మరీ గట్టిగా చేశావురా" అని తీర్పు చెప్పేవాడు. ఆర్నెల్ల కిందట ఆయనకి ఎడమ భుజానికి కాస్త కింద, చర్మం లోపల పేస్‌మేకరు పెట్టారు. అప్పట్నుంచీ అక్క ఆయన్ని గాజుసామానులా చూసుకుంటోంది. సోఫాలాయన కూడా మూరెడు ఎడంగానే నిలబడేవాడు. తను విప్పి చూడని యంత్రం జోలికి పోకూడదని ఆయన నియమం.

ఆ రోజు బావ తీర్పు "మరీ" దగ్గరే ఆగింది. పక్కకి ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. మాత్రలిద్దామని వచ్చిన అక్క కేక పెట్టి, అంబులెన్సుకి ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"ఊపిరుందా?" అంది ఫోన్లో అమ్మాయి.

"అప్పుడొకటీ ఇప్పుడొకటీ. ఎగశ్వాసలా ఉంది," అన్నాడు సోఫాలాయన.

"అది లెక్కలోకి రాదండీ. గుండె ఆగినట్టే. ఛాతీ మధ్యలో నొక్కండి."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, లోపల మిషనుందిరా! పగిలిపోతుంది, ముట్టుకోకు!"

ఆయన చేతులు గాల్లో ఆగాయి. విప్పి చూడని యంత్రం. విప్పే తీరికా లేదు.

"అమ్మా, ఈయనకి పేస్‌మేకరుంది."

"ఉంటే ఉండనీయండి, మామూలుగానే నొక్కాలి. అది పక్కనుంటుంది, మీరు నొక్కేది నడిమి ఎముక మీద. మిషను పాడైతే ఇంకోటి పెడతారు. మనిషికి ఇంకోటి లేదుగా."

విడిభాగం దొరుకుతుందన్నమాట. సోఫాలాయన బావని చంకల కింద పట్టి కిందికి లాగాడు.

"సోఫా మీదే ఉండనీరా, నేల గట్టి!"

"గట్టిదే కావాలక్కా. దీని మీద నొక్కితే సోఫా దిగుతుంది, బావ దిగడు."

"రెండంగుళాల లోతు," అంది ఫోన్లో అమ్మాయి. "నిమిషానికి వంద పైన. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రావాలి."

"తెలుసు," అన్నాడాయన.

నలభయ్యో నొక్కుడికి ఏదో టక్కుమంది. "చంపేశావురా!" అంది అక్క.

"పక్కటెముకై ఉంటుంది, ఆపకండి," అంది ఫోన్లో అమ్మాయి.

ఆయన ఆపలేదు. ఏడొందలు దాటాక అంబులెన్సు వాళ్లొచ్చారు. ఛాతీ మీద మిషనున్న ఉబ్బుని తప్పించి, పక్కగా కరెంటు అట్టలంటించి, ఒక్క షాకిచ్చారు. గుండె మళ్లీ కొట్టుకుంది.

పదిరోజులకి ఆస్పత్రి మంచం మీద బావ నోరు విప్పాడు. మిషనుకి ఏమీ కాలేదట. పక్కటెముకలు మాత్రం రెండు పోయాయి.

"నీ చెయ్యి మరీ గట్టిరా," అన్నాడు.

సోఫాలాయన దుప్పటి కింద బావ ఛాతీ దిగడం, లేవడం కాసేపు చూశాడు.

"పైకొచ్చింది," అన్నాడు.